చేతిలో తాళం, గ్లాసులో బుడగలు

కెనడాలో మా సార్నియా ఊరు మొత్తంలో నా అంత నిలకడైన చెయ్యి ఇంకొకరికి లేదు. ఈ మాట నేను అనడం కాదు, సెయింట్ క్లెయిర్ నదిని అడిగినా చెబుతుంది. ఆ నది ఒడ్డునుంచి ఒడ్డుకు గడ్డకట్టిన ఏడాది మంచులో పెద్ద పగులొచ్చి, చేపలు పట్టబోయినవాళ్ళు అవతలే చిక్కుకుపోయారు. అప్పుడు వెల్డింగ్ రాడ్డు పుచ్చుకుని వెళ్ళి ఆ పగులుకు అతుకు వేసిన వీరభద్రాన్ని నేనే. వెల్డింగ్ వేడికి మంచు కరగలేదా అని అడిగేవాళ్ళుంటారు. చెయ్యి నిలకడగా ఉంటే కరగదు. కెమికల్ ప్లాంటులో పైపులు అతికి అతికి రిటైరైనా, ఈ రోజుకీ నిండా పోసిన కాఫీ గ్లాసుతో బేస్‌మెంటు మెట్లెక్కితే నా చేతిలోంచి చుక్క తొణకదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. దీనితో ఈ వారం పని పడుతుంది.

ఇక కథ ఎక్కడ ఆగిందో మీలో సగం మంది మరిచిపోయి ఉంటారు. మిగతా సగం మంది పక్కింటివాళ్ళ పత్రిక అడిగి చదివేవాళ్ళు, పోయినవారం వాళ్ళు ఇచ్చి ఉండరు. కాబట్టి చెబుతాను.

నేను బేస్‌మెంటులో ఉంటూ పైఇల్లు అద్దెకిచ్చాను. పైన ఉండేది కొత్త జంట. కిరీటి కాకినాడ కుర్రాడు, రిఫైనరీ కంట్రోల్ రూములో షిఫ్టులు చేస్తాడు. ఇషిత జగిత్యాల పిల్ల, అక్కడ బీఫార్మసీ చదివి, ఇక్కడి కాలేజీకి వచ్చి, ఊరి బయట హైవే దాటాక ఒక ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుంది. ఈ ఊళ్ళో బస్సులు మన బంధువుల్లాంటివి, అవసరమైనప్పుడు కనబడవు. కారు లేకపోతే ఆ పిల్లకు ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే ఇక్కడ స్థిరపడడానికి పెట్టుకున్న పీఆర్ ఫైలు కదలదు.

తలా ఒక వంట చేసి తెచ్చుకునే దీపావళి పాట్‌లక్‌కి చర్చి హాల్లో అందరం కలిశాం. కిరీటి కారులోంచి ట్రేలు తేవడానికి బయటికి వెళ్ళాడు. పులిహోర వడ్డిస్తున్న ఇషిత గరిటెతో సహా పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, కనుగుడ్లు పైకి తేలిపోయాయి. నా చెయ్యి నన్నడక్కుండానే జేబులోకి వెళ్ళి, తాళాల గుత్తి తీసి, ఆమె అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది. మా ఊళ్ళో పుట్టినవాడెవడైనా అదే చేస్తాడు. కిరీటి పరిగెత్తుకొచ్చేసరికి అంతా సద్దుమణిగింది. ఇషిత కళ్ళు తెరిచి, "ఉపవాసం కదా, షుగర్ పడ్డట్టుంది," అంది. అందరూ నమ్మారు.

మర్నాడు ఆమె నా దగ్గరికి దిగొచ్చి, నా స్టూలు మీద కూర్చుని నిజం చెప్పింది. టెన్త్ క్లాసునుంచీ మూర్ఛ. పెళ్ళికి ముందు తల్లి సరోజన కూతురి చేతిని తన నెత్తిమీద పెట్టుకుని, మొగుడికి చెప్పనని ఒట్టు వేయించుకుంది. మాత్రలు జగిత్యాలనుంచే వస్తాయి. రేకుల్లోంచి ఊడదీసి, వైటమిన్ సీసాలో పోసి, ఇటు వచ్చేవాళ్ళ సూట్‌కేసులో పంపిస్తారు. ఈసారి తెచ్చే మనిషి ప్రయాణం వాయిదా వేసుకున్నాడు. అందుకని ఉన్నవాటిని సగం సగం విరిచి మింగుతోంది. ఇక్కడి డాక్టరు దగ్గరికి వెళ్ళరాదా అన్నాను. "పోతే డాక్టరు లైసెన్సోళ్ళకు రాసి తీరాలె తాతా, ఇక్కడ రూలు. కారు బంద్. ఆయన ఎందుకు బంద్ అనడుగుతడు," అంది. నేను ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. పోయినవారం అక్కడ ఆపాను.

ఆదివారం మధ్యాహ్నం ఈ ఏటి మొదటి మంచు పడుతోంది. పైనుంచి కిరీటి గొంతు వినబడింది.

"తాతగారూ, ఒకసారి పైకి రాగలరా?"

గొంతులో మర్యాద కాస్త ఎక్కువగా ఉంది. అల్లుడి గొంతులో, అద్దెకున్నవాడి గొంతులో మర్యాద పెరిగిందంటే ఏదో ముంచుకొచ్చినట్టే. మెట్లెక్కాను.

వంటింటి బల్లమీద స్టీలు పళ్ళెం. పళ్ళెంలో వైటమిన్ సీసా బోర్లించి ఉంది. చుట్టూ తెల్లటి మాత్రలు, అన్నీ సగం ముక్కలే. వాటి పక్కన గోరంత రేకు ముక్క ఒకటి. ఊడదీసేటప్పుడు సరోజన చేతినుంచి జారి సీసాలో పడిందేమో, దానిమీద మందు పేరు ఉంది. పొయ్యి దగ్గర ఇషిత మావైపు వీపు పెట్టి ఉల్లిపాయలు వేయిస్తోంది. అవి ఎప్పుడో వేగిపోయి మాడుతున్నాయి, అయినా తిప్పుతూనే ఉంది.

"కూర్చోండి తాతగారూ," అన్నాడు కిరీటి. "నిన్న వీడియో కాల్లో అమ్మకి హాల్లో జరిగింది చెప్పాను. మీరు తాళాలు పెట్టిన సంగతి నవ్వులాటకి చెప్పాను. అమ్మ నవ్వలేదు. 'ఒరేయ్, షుగర్ పడితే నోట్లో బెల్లమ్ముక్క పెడతారు గానీ చేతిలో తాళాలు పెడతారట్రా? ఆ పెద్దాయన ఏం చూసి పెట్టాడో కనుక్కో' అంది."

కాకినాడలో కూర్చున్న వాళ్ళమ్మ సీతాదేవిగారు, నా గుప్పెడు తాళాలతో ఈ ఇంటి తలుపు తీసేసింది. హాల్లో డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు, ఎవరికీ రాని అనుమానం ఆవిడకు వచ్చింది. ఆవిడా మా ఊరిలాంటి ఊళ్ళోనే పుట్టింది మరి. ఇషిత ఏ రహస్యాన్ని నోరు కట్టుకుని దాచిందో, దాన్ని నా చెయ్యి నలుగురి ముందూ అరిచి చెప్పింది.

"ఆ తర్వాత ఇషిత తలనొప్పంటే వైటమిన్ ఇద్దామని సీసా తీశాను," అన్నాడు కిరీటి. "ప్లాంటులో ఒక్క అలారం మోగితే సెన్సరు పాడైందేమో అనుకుంటాం తాతగారూ. రెండు ఒకేసారి మోగితే అలా అనుకోలేం. ఇవేం మాత్రలు? నేను ఇషితని అడిగాను. తాతని అడుగు అంది."

ఇషిత చేతిలో గరిటె ఆగింది. వెనక్కి తిరగలేదు. ఆ వీపు నన్ను బతిమాలుతోంది.

అబద్ధాలు నాకు కొత్త కాదు. కాకపోతే ఇంతవరకూ నా అబద్ధాలు ఎవరూ నమ్మలేదు, అందుకే వాటివల్ల ఎవరికీ చెడు జరగలేదు.

"నావేరా అబ్బాయ్," అన్నాను.

"మీవా?"

"నావే. నా చెయ్యి వణుకుతుంది."

మొదట్లో గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఆ మాట ఇప్పుడు సంతోషంగా కొట్టేయండి. నా చెయ్యి వణుకుతుంది. కాఫీ గ్లాసు పట్టుకుంటే బేస్‌మెంటు మెట్లన్నీ కాఫీ తాగుతాయి. చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి నాకు పట్టే సమయంలో పూర్వం పైపు అతికేవాణ్ణి. ఇది ముసలితనపు వణుకు కాదు, దీనికి వేరే పేరుంది. మెదడులో చేతిని నడిపించే తీగల్లో ఒక లయ పట్టుకుని వదలదని ఒంటారియోలో ఉన్న లండన్ డాక్టరు చెప్పి ఏవో మాత్రలు రాశాడు. అక్కడే కొని తెచ్చుకున్నవి కిందున్నాయి, ఇవి కావు. సార్నియా అంతా నిలకడైన చెయ్యి అని చెప్పుకు తిరిగినవాణ్ణి ఆ మాత్రలు మందులషాపులో అందరి ముందూ ఎలా కొనుక్కుంటాను? నది ఏమనుకుంటుంది? చూశారా, ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి నా దగ్గరున్న ఒకే ఒక్క నిజాన్ని ఖర్చుపెట్టాల్సి వచ్చింది.

"పరువు పోతుందని ఇండియానుంచి తెప్పించుకుంటున్నాను," అన్నాను. "సరోజనమ్మ పుణ్యాన వాళ్ళ పార్సిల్లోనే వస్తాయి. నీకు చెప్పొద్దని ఈ పిల్లదగ్గర మాట తీసుకున్నాను. దాన్నేమీ అనకు."

"మరి సగం ముక్కలెందుకు?"

"వణికేది ఒక్క చెయ్యే కదా. రెండో చెయ్యికి మందు దండగ."

కిరీటి పెదవి కొంచెం కదిలింది. "తాళాలెందుకు పెట్టారు?"

"నాకొచ్చిన వైద్యం అదొక్కటే. మా ఊళ్ళో జలుబుకీ తాళమే, కడుపునొప్పికీ తాళమే. మా మేనమామకి పెళ్ళిపీటల మీద ఎక్కిళ్ళు పట్టుకుంటే బీరువా తాళం పెట్టారు. ఎక్కిళ్ళు తగ్గాయి, తెల్లారేసరికి బీరువా ఖాళీ అయింది."

కిరీటి నవ్వాడు. పొద్దున్నుంచీ బిగబట్టిన ఊపిరి బయటికొచ్చింది. అయినా లెక్క తెలిసిన కుర్రాడు, జేబులోంచి ఫోను తీసి రేకుమీద పేరు కొట్టాడు.

"టోపిరామేట్," అని చదివాడు. "ఇది ముఖ్యంగా ఫిట్స్‌కి వాడే మందు తాతగారూ." ఇషిత భుజాలు బిగుసుకున్నాయి. "మైగ్రేన్‌కి కూడా. ఆ... ఇదిగో, చేతుల వణుక్కి కూడా కొందరికి ఇస్తారట. నిజమే!"

నా జన్మలో ఒక అబద్ధం అచ్చులో నిజమని తేలడం అదే మొదటిసారి. అయినా సంతోషించలేకపోయాను. ఎందుకంటే అతను నమ్మేశాడు. అతను నమ్మాడంటే రేపు పొద్దున ఆ పిల్ల సగం మాత్ర మింగి, ఈ మంచులో హైవే ఎక్కుతుంది. దానికి దారి ఊడ్చి పెట్టింది నేను.

"సారీ ఇషితా," అన్నాడు కిరీటి. "ఏదేదో ఊహించేసుకున్నాను. అమ్మ మాటలు వింటే ఇంతే." ఫ్రిజ్ తెరిచి జింజర్ ఏల్, అదే అల్లం సోడా, తీసి గ్లాసుల్లో పోశాడు. "రా, కూర్చో. ఆ ఉల్లిపాయల్ని ఇంక వదిలేయ్."

ఇషిత వచ్చి కూర్చుంది. నేను రెండు చేతులతో గ్లాసు ఎత్తుకుని, బల్లమీద కొంచెం, గడ్డంమీద కొంచెం పోసుకుని, మిగతాది గుటుక్కున తాగాను. భయం వేసినప్పుడు నాకు దాహం ఎక్కువ.

కిరీటి ఫోను ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు నన్ను ఆటపట్టించే హుషారులో ఉన్నాడు.

"సైడ్ ఎఫెక్ట్స్ కూడా ఇచ్చాడు తాతగారూ, చెప్పండి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయా?"

"ఎక్కకేం?"

"ఆకలి తగ్గుతుందా?"

"నిన్న మీ ఆవిడ వేసిన నాలుగో పెసరట్టు దగ్గర కాస్త తగ్గింది."

"మాట్లాడుతుంటే మాటలు దొరక్క ఆగిపోతారట. ఇది మాత్రం మీకు లేదు లెండి!" పెద్దగా నవ్వి, కిందికి చదివాడు. నవ్వు పెదాలమీద అలాగే ఉంది గానీ కళ్ళలోంచి పోయింది.

"జింజర్ ఏల్ ఎలా ఉంది తాతగారూ?" అన్నాడు నెమ్మదిగా.

"అమృతంరా. బుడగలు ముక్కులోకి ఎక్కుతున్నాయి." సాక్ష్యంగా ఒక త్రేనుపు కూడా వచ్చింది.

కిరీటి ఫోను బల్లమీద బోర్లించాడు. ఇషిత ముందున్న గ్లాసు వైపు చూశాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పగులుతున్నాయి.

"ఈ మందు వేసుకునేవాళ్ళకి సోడాలు, కోకులు రుచి మారిపోతాయట," అన్నాడు. "చప్పగా, ఇనుము నాకినట్టు ఉంటాయట."

నేను నా ఖాళీ గ్లాసును బల్లకిందికి దాచాను, అప్పటికి చేయగలిగింది అదే.

"మన రిసెప్షన్‌లో ఇద్దరికీ ఒకే గ్లాసులో కోక్ ఇచ్చి ఫొటో తీశారు," అన్నాడు కిరీటి. "నువ్వు పెదాలకి ఆనించి దించేశావు. సిగ్గనుకున్నాను. హ్యూరాన్ సరస్సు దగ్గర సోడా కొనిస్తే తుప్పుపట్టిన కొళాయి నీళ్ళలా ఉందన్నావు. నేను షాపువాడితో గొడవపెట్టుకున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ 'అదేదో, అదేదో' అని ఆగిపోతావు. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో చెబుతున్నావేమో అనుకున్నాను." గ్లాసును ఆమె వైపు కొద్దిగా జరిపాడు. "ఒక్క గుక్క తాగు ఇషితా. తాగి ఎలా ఉందో చెప్పు. నువ్వేం చెబితే అదే నమ్ముతాను."

తియ్యగా ఉందంటే అయిపోయేది. ఆ ఒక్క మాటతో అత్తగారి అనుమానం, నా అబద్ధం, తల్లి ఒట్టు అన్నీ ఎక్కడివక్కడ సర్దుకునేవి. నేను లోపల్లోపల రెండు కోరికలూ కోరాను. తియ్యగా ఉందను తల్లీ అని ఒకటి, అనకు అని ఇంకొకటి.

ఇషిత గ్లాసు ఎత్తి తాగింది. కళ్ళు మూసుకుని మింగింది.

"చప్పగుంది," అంది. "మస్తు చప్పగుంది కిరీటీ. ఏండ్లసంది ఇట్లనే ఉన్నది."

కిరీటి అరవలేదు. అరిస్తే బాగుండేది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి మంచు కేసి చూస్తూ నిలబడ్డాడు.

"జబ్బు దాచావని కాదు," అన్నాడు. "మీ అమ్మ భయం నాకు అర్థమవుతుంది, మా అమ్మని చూశాను కాబట్టి. మొన్న షిఫ్టు దిగాక నన్ను ఎక్కించుకుని వచ్చావు. నేను పక్క సీట్లో నిద్రపోయాను. నీ పక్కన ఉన్నానని హాయిగా నిద్రపోయాను. అప్పటికి నువ్వు సగం మాత్ర మీద ఉన్నావా?"

ఇషిత తలూపింది.

"నువ్వు ఫార్మసీ చదివావు ఇషితా!"

"చదివిన. అందుకే నీకన్న ఎక్కువ భయపడ్డ," అంది ఇషిత. "మెదడుల ప్రతి కణం తన వంతుల మెరవాలె. అన్నీ ఒక్కపారి మెరిసినయంటే మనిషి పడిపోతడు. మాత్ర రోజూ వాటిని ఆగు ఆగు అంటూ ఉంటది. సగం మాత్ర సగం గొంతుతోని అంటది. వినొచ్చు, వినకపోవచ్చు. నాకు తెల్వదా? ఒకేపారి బంద్ చేస్తే ఇంకా డేంజర్ అని గూడ తెలుసు. స్టీరింగ్ పట్టుకున్నప్పుడల్లా తెలుసు."

"తెలిసీ ఎలా డ్రైవ్ చేశావు?"

"డ్రైవ్ చెయ్యకపోతే ఎందుకు చేస్తలేవని అడుగుతవు కదా." నా వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ నవ్వబోయింది. "తాళంతోని ఫిట్స్ ఆగవు తాతా. వాటంతట అవే ఆగుతయి, పేరు తాళానికొస్తది. ఈసారి ఎవరన్న పడితే పక్కకు ఒరిగించు, తలకింద మెత్తటిది పెట్టు. చేతుల ఏం పెట్టకు, నోట్ల ఏం పెట్టకు."

"సరేనమ్మా," అన్నాను. నాకు అంతకంటే మాట దొరకలేదు. ఆ మందు నిజంగా నేనే మింగుతున్నానేమో అనిపించింది.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాడు కిరీటి కిటికీవైపే చూస్తూ. "ఇక్కడి డాక్టరు, పూర్తి మాత్రలు. లైసెన్సు ఆపితే ఆపనీ. కారు తాళం మాత్రం ఇప్పుడే ఇచ్చెయ్."

"ల్యాబు?"

"తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే ఏం లేదు కిరీటీ. బస్సు లేదు. నీ షిఫ్టు వేరే, నా టైము వేరే. మీ అమ్మకేం చెప్తవ్?"

దానికి జవాబుగానే అన్నట్టు బల్లమీద ఫోను మోగింది. తెరమీద సీతాదేవిగారి ఫొటో, నుదుట పెద్ద బొట్టుతో. ముగ్గురం దాన్నే చూశాం. కిరీటి ఫోను తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా, తలుపు తీసుకుని ఇంటి వెనక చెక్క డెక్ మీదికి వెళ్ళి తలుపు మూసేశాడు. అద్దంలోంచి పెదాలు కదలడం కనబడుతోంది. మాట వినబడదు.

ఇషిత నా దగ్గరికొచ్చి, బల్లకింద దాచిన గ్లాసును నా చేతిలోంచి తీసుకుంది.

"చెయ్యి వణుకుడు నిజమేనా తాతా?"

"ఇవాళ నేను చెప్పినవాటిలో నిజం అదొక్కటే."

ఆమె గోడకున్న మేకుమీంచి కారు తాళం తీసింది. నా అరచేయి తెరిచి, అందులో పెట్టి, గుప్పిట మూసి, తన రెండు చేతులతో పట్టుకుంది. "నీకొచ్చిన వైద్యం ఇదేనంటివి కదా," అంది. నా చెయ్యి వణకడం ఆగిపోయింది.

ఇంతవరకూ రాసి కలం మూశాను. చదువుకుని మళ్ళీ తెరిచాను. నది మంచును అతికానంటే మీరు నమ్మరు కాబట్టి పర్వాలేదు. దీన్ని నమ్ముతారు. అందుకని చెప్పేస్తున్నాను, ఇందులో ఒకటి నేను కల్పించింది.

చివర్లో తాళం నా చేతిలో పెట్టిందన్నాను చూడండి, అది జరగలేదు. గ్లాసును నేనే సింకు దగ్గరికి తీసుకెళ్ళాను. నాకది చిన్న పని కాదు, చుట్టుపక్కల ఏం జరుగుతోందో తెలియదు. గ్లాసు పగలకుండా దించి వెనక్కి తిరిగేసరికి గోడకు మేకు మాత్రమే ఉంది. పళ్ళెంలో సగం ముక్కలు అలాగే ఉన్నాయి, ఇషిత ఒక్కటీ తీసుకోలేదు. నేను తడబడుతూ డెక్ తలుపు తెరిచాను. మంచులో వట్టికాళ్ళతో నిలబడిన కిరీటి నాకు వీపు పెట్టి ఫోనులో అంటున్నాడు, "షుగరేనమ్మా, నేను చెబుతున్నాను కదా, ఉత్త షుగరే. బెల్లం పెడితే తగ్గింది. ఇంకెప్పుడూ దాన్ని ఈ మాట అడగకు."

ఆ మాట వినాల్సిన మనిషి ఇంట్లో లేదు. ముందువైపు కిటికీలోంచి చూస్తే కారు ఉండాల్సిన చోట నల్లటి పొడినేల ఒక్కటే కనబడుతోంది. దానిమీద అప్పుడే మంచు పడడం మొదలైంది.